చంపినవాడి కలలోకి చచ్చినవాడు
పతకాల ప్రశంసాపత్రాలు దాచిన నిజాన్ని యుద్ధ కవులు పద్యంలో ఒప్పుకున్నారు

విల్‌ఫ్రెడ్ ఓవెన్ మిలిటరీ క్రాస్ పతకానికి రెండు కథనాలున్నాయి. 1918 అక్టోబర్ మొదట్లో, ఉత్తర ఫ్రాన్స్‌లోని జోన్‌కోర్ దగ్గర జరిగిన పోరుకు దక్కిన పతకం అది. జర్మన్ల నుంచి చిక్కిన మెషిన్‌గన్‌ను స్వయంగా పేల్చి శత్రువుకు గణనీయమైన నష్టం కలిగించాడన్నది సైన్యం రాసిన ప్రశంస. 1967లో వెలువడిన ఆయన ఉత్తరాల సంపుటిలో మాత్రం ఆ ప్రశంస మెత్తబడిపోయింది. మెషిన్‌గన్‌ను పట్టుకున్నాడు, కొందరిని బందీలుగా తీసుకున్నాడు, అంతే. సంపుటి సంపాదకుల్లో ఒకరు కవి తమ్ముడే. యుద్ధాన్ని అసహ్యించుకున్న కవి చేతికి నెత్తురు అంటడం ఎవరికో మింగుడుపడలేదు. ఓవెన్ కవితలు మాత్రం, ఆ పోరుకు ముందే రాసినవైనా, ఇలాంటి మొహమాటాలేవీ పెట్టుకోలేదు.

సైనికుణ్ని బాధితుడిగా చూడటం సులువు. గాయపడ్డాడు, మతి చెదిరింది, పాపం అనుకుంటే సరిపోతుంది. చంపినవాడిగా, సాటివాణ్ని కాపాడలేకపోయినవాడిగా చూడాల్సి వచ్చేసరికే ఇబ్బంది మొదలవుతుంది. మంచి యుద్ధ కవిత్వం అక్కడే పుట్టింది.

1917 వేసవిలో ఎడిన్‌బరో శివార్లలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రికి వచ్చేనాటికి ఓవెన్ వయసు 24. అంతకుముందు ఏప్రిల్‌లో ఫిరంగి గుండు దగ్గర్లో పేలి ఎగిరిపడ్డాడు. తునాతునకలైన తోటి అధికారి అవశేషాల పక్కనే రోజుల తరబడి పడి ఉండాల్సి వచ్చింది. ఒంటిమీద గాయం లేదు, చేతులు మాత్రం వణికేవి. ఆ జబ్బుకు 'షెల్‌షాక్' అన్న పేరు 1915లో 'లాన్సెట్' వైద్య పత్రిక కెక్కింది. సైన్యంలో చాలామంది దృష్టిలో దానికి పాత పేరే ఉంది: పిరికితనం. పిరికితనం, పారిపోవడం వంటి నేరాలకు బ్రిటన్ కాల్చి చంపిన 306 మంది సొంత సైనికులకు 2006లో గానీ క్షమాభిక్ష దొరకలేదు.

ఆ ఏడాది జనవరిలో జరిగిన మరో ఘటన ఓవెన్‌ను అంతకన్నా ఎక్కువ కాలం వెంటాడింది. జర్మన్ల నుంచి స్వాధీనం చేసుకున్న ఓ నేలమాళిగలో తన మనుషులతో చిక్కుకుపోయాడు. పైన కాపలా పెట్టిన కుర్రాడు పేలుడు ధాటికి మెట్ల మీదుగా దొర్లిపడ్డాడు. చూపు పోయింది. దాని మీద రాసిన 'ద సెంట్రీ'ని ఓవెన్ ముగించింది 1918 సెప్టెంబర్‌లో, అంటే 20 నెలల తర్వాత. ఆ కవితలో అధికారి కుర్రాడి కళ్ల ముందు కొవ్వొత్తి పట్టి ధైర్యం చెబుతాడు, ఆపైన కొత్త కాపలా ఏర్పాటుకు వెళ్లి అతణ్ని అక్కడే మరిచిపోతాడు. ఆ మరుపు విధి నిర్వహణలో భాగం. ఏ సైనిక న్యాయస్థానమూ దాన్ని తప్పనదు. కానీ ఉబ్బిన ఆ గుడ్డి కళ్లు ఆయన కలల్లోకి వస్తూనే ఉన్నాయి.

'స్ట్రేంజ్ మీటింగ్' ఇంకో అడుగు ముందుకేసింది. యుద్ధం నుంచి తప్పించుకుని పాతాళంలాంటి సొరంగంలోకి దిగిన సైనికుడికి ఒకడు ఎదురుపడతాడు. నిన్న నువ్వు పొడిచి చంపిన శత్రువును నేనేనంటాడు. కోపం లేదు, శాపనార్థాలు లేవు. స్నేహితుడా అని పిలుస్తాడు. చంపినవాడికి దానికి మించిన శిక్ష ఉండదు. తిక్కన భారతం చదివినవారికి ఈ ఘట్టం మరీ కొత్తగా ఉండదు. కర్ణుడు తన అన్నే అని యుద్ధం ముగిశాక తెలిసి కుమిలిపోయిన ధర్మరాజు ఉన్నాడు కదా. అయితే ధర్మరాజు మహారాజు. ఆయన్ను ఓదార్చడానికి అంపశయ్య మీద భీష్ముడు శాంతి పర్వమంతా మాట్లాడాడు. మామూలు సిపాయికి ఆ భాగ్యం లేదు.

క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో మాట్లాడనిచ్చే వైద్యుడు ఒకరుండేవారు. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్. అంతకు పదిహేనేళ్ల ముందు నీలగిరి కొండల్లో తోడాల మధ్య గడిపి, వారిపై 1906లో పెద్ద గ్రంథమే వెలువరించిన మనిషి. జ్ఞాపకాన్ని అణిచిపెడితే జబ్బు ముదురుతుందని ఆయన నమ్మకం. కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఆయన రోగి. నిజానికి ససూన్‌కు జబ్బు ఉందో లేదో ఎవరికీ తెలియదు. ముగించే శక్తి ఉన్నవాళ్లే యుద్ధాన్ని కావాలని సాగదీస్తున్నారని 1917 జులైలో బహిరంగంగా ప్రకటించినందుకు, కోర్టు మార్షల్ బదులు అక్కడికి పంపారు. భద్రంగా, వెచ్చగా పడుకోవడమే ఆయనకు నేరమైంది. 'సిక్ లీవ్' కవితలో చనిపోయిన సహచరులు రాత్రివేళ మంచం చుట్టూ చేరి, మళ్లీ ఎప్పుడొస్తావని అడుగుతారు. యుద్ధం తప్పని చెప్పినవాడే నవంబర్‌లో తిరిగి విధుల్లో చేరడానికి ఒప్పుకున్నాడు.

ఓవెన్ కూడా వెళ్లాడు. వెళ్తూ తల్లికి రవీంద్రుడి గీతాంజలి పంక్తులు వినిపించాడని, అవే తర్వాత ఆయన జేబు పుస్తకంలో దొరికాయని ఆమె 1920లో టాగూర్‌కు రాసింది. 1918 నవంబర్ 4న సాంబ్ర్-వాజ్ కాలువ దాటుతుండగా తూటా తగిలింది. ఇంటికి టెలిగ్రామ్ చేరింది వారం తర్వాత, యుద్ధం ముగిసిన రోజున.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి స్వరం మారింది. ఉత్తర ఆఫ్రికాలో ట్యాంకులు నడిపిన కీత్ డగ్లస్ 'హౌ టు కిల్'లో గురి అద్దంలో కనిపించే శత్రువును చూస్తాడు. వాడు నవ్వుతాడు, వాడికి తల్లికి మాత్రమే తెలిసిన అలవాట్లున్నాయి. మీట నొక్కితే దుమ్ము. పశ్చాత్తాపం మాటే ఉండదు. ఆ లేకపోవడమే పాఠకుణ్ని భయపెడుతుంది. డగ్లస్ 1944 జూన్‌లో నార్మండీలో 24 ఏళ్లకే పోయాడు.

ఈ బాధకు వైద్యశాస్త్రం 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని అధికారికంగా పేరు పెట్టింది 1980లో. పేరు పెట్టినంత మాత్రాన కలలు ఆగవు. బస్రాలో పనిచేసి వచ్చిన బ్రిటిష్ మెషిన్‌గన్నర్ ఒకరు చెప్పింది విని సైమన్ ఆర్మిటేజ్ 'రిమెయిన్స్' రాశారు. ఆర్మిటేజ్ సైనికుడు కాదు. మాజీ సైనికుల అనుభవాలతో 2007లో వచ్చిన 'ద నాట్ డెడ్' చిత్రం కోసం రాసిన కవితల్లో ఇదొకటి. చిత్రంలో కెమెరా ముందు కవితలు చదివింది ఆ సైనికులే. బ్యాంకు దోచుకుని పరుగెత్తుతున్న ఒకణ్ని ముగ్గురు సైనికులు కలిసి కాలుస్తారు. మొదట అంతా 'మేము'. శవాన్ని లారీలో తరలించాక, సెలవు మీద ఇంటికొచ్చాక, కన్ను మూసినప్పుడల్లా వాడు మళ్లీ పరుగెత్తుతుంటే మిగిలింది 'నేను' ఒక్కటే. మిగతా ఇద్దరూ ఏమయ్యారో కవిత చెప్పదు. మద్యం, మాదకద్రవ్యాలు కూడా వాణ్ని తరమలేకపోతాయి.

ఆ దొంగ చేతిలో ఆయుధం ఉందా? కవిత మొదట్లోనే సైనికుడికి ఆ అనుమానం. మధ్యలో అదే అనుమానం మళ్లీ తలెత్తుతుంది, అవే మాటల్లో. ఈ కవిత ఇంగ్లండ్‌లో పదో తరగతి ఈడు పిల్లలకు పాఠ్యాంశమైంది. కవితను ఎన్నిసార్లు తిరగేసినా ఆ ప్రశ్నకు జవాబు వాళ్లకూ దొరకదు.