చేతికంటిన రేణువు: తుపాకీ కాల్పుల అవశేషాలపై అపోహలు – వాస్తవాలు

అనుమానితుడి చేతిపై తుపాకీ కాల్పుల అవశేషాలు దొరికితే అతడే పేల్చినట్టు రుజువైపోయిందన్న నమ్మకం జనంలో బలంగా నాటుకుపోయింది. తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మండి లోపలి మందును రగిలించే ప్రైమర్ అనే మిశ్రమంలో సాధారణంగా సీసం, బేరియం, యాంటిమొనీ సమ్మేళనాలు ఉంటాయి. పేలుడు వేడికి ఆవిరైన ఈ మూలకాలు క్షణంలో చల్లబడి, చాలావరకు మిల్లీమీటరులో వందో వంతుకు మించని రేణువులుగా గడ్డకట్టి, పేల్చినవారి చేతిపైనే కాక పక్కన నిలబడినవారిపైన, ఆ తరువాత తుపాకీని ముట్టుకున్నవారిపైన కూడా చేరతాయి. తుపాకులు ధరించే పోలీసుల చేతుల నుంచి, వారి వాహనాల సీట్ల నుంచి నిందితుడికి అంటుకునే అవకాశమూ ఉంది.

ఈ అవకాశాన్ని తేలికగా తీసుకుంటే ఎంత అన్యాయం జరుగుతుందో లండన్‌లో 1999 ఏప్రిల్ 26న హత్యకు గురైన బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండో కేసు చూపింది. దాదాపు ఏడాది తరువాత స్వాధీనం చేసుకున్న నిందితుడి కోటు లోపలి జేబులో దొరికిన ఒకే ఒక్క రేణువు బ్యారీ జార్జ్‌కు 2001లో శిక్ష పడటంలో ముఖ్య సాక్ష్యమైంది. ఆ రేణువు హత్యాయుధం నుంచి వచ్చి ఉండటానికి ఎంత అవకాశముందో మరోచోటి నుంచి వచ్చి ఉండటానికీ అంతే అవకాశముందని, కనుక అది ఎటూ తేల్చని సాక్ష్యమని నిపుణులు చెప్పడంతో 2007లో అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. 2008లో జరిగిన పునర్విచారణలో జార్జ్ నిర్దోషిగా విడుదలయ్యాడు.

చేతిపై కరిగిన మైనం పూసి, ఊడదీసిన ఆ పొరపై రసాయనం చల్లితే వచ్చే నీలిరంగే రుజువన్న భావన 1930లలో వ్యాపించిన పారఫిన్ పరీక్ష మిగిల్చిన అపోహ. ఆ రంగు తుపాకీ మందులోని నైట్రేట్ల వల్లే కాక ఇతర నైట్రేట్ల వల్ల కూడా వస్తుంది గనుక, ఎరువు చల్లిన చేయీ, పొగాకు నలిపిన చేయీ అదే ఫలితాన్ని ఇవ్వగలవు. ఇప్పటి ప్రయోగశాలలు స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక్కొక్క రేణువు ఆకారాన్ని, అందులోని మూలకాలను కలిపి పరిశీలిస్తాయి. అయినా కొన్ని వాహనాల బ్రేకుల అరుగుదల ధూళిలో ఇలాంటి కూర్పే కనిపించవచ్చు. సీసం లేని కొత్త రకం తూటాలైతే ఆ మూడు మూలకాలనూ వదలకపోవచ్చు.

అవశేషాలు లేవు గనుక పేల్చలేదని తేల్చేయడం, దొరికితే పేల్చినట్టే అనుకోవడానికి తోడబుట్టిన పొరపాటు. చేతులు కడుక్కున్నా, బట్టలకు రుద్దుకున్నా, మామూలు పనుల్లో ఉన్నా బతికున్న మనిషి చేతిపైనుంచి ఈ రేణువులు కొద్ది గంటల్లోనే చాలావరకు రాలిపోతాయి. తుపాకీతో ఆత్మహత్య చేసుకున్నవారి చేతులపై కూడా ఒక్కోసారి ఏమీ దొరకదు. ఉన్న రేణువులూ పోకుండా మృతుడి చేతులకు, తేమ పట్టే ప్లాస్టిక్ సంచులు కాకుండా, కాగితపు సంచులు తొడుగుతారు. బతికున్నవారి విషయంలో వీలైనంత త్వరగా, వేలిముద్రలు తీయడానికి ముందే, జిగురు పూసిన చిన్న బిళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మంపై పదేపదే అద్ది నమూనా సేకరించి, ఆ సమయాన్ని నమోదు చేయవలసి ఉంటుంది.