ఫ్రెంచి పల్లె బల్ల మీద బందరు అద్దకం

భోజనాల గదిని ‘ఫ్రెంచ్ కంట్రీ’ పద్ధతిలో తీర్చిదిద్దుతామని చెప్పే డిజైనర్లు చూపించే బొమ్మలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెల్లరంగు వేసి అంచుల్లో కావాలని గీకిన బల్ల, దానికి సరిజోడుగా ఆరు కుర్చీలు, గోడ మీద కోడిపుంజు బొమ్మ, మూలన ఎండిన లావెండర్ కట్ట, నెత్తిన ఇనుప షాండ్లియర్. అన్నీ ఒకే కేటలాగులోంచి ఒకే రోజు దిగిపోతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనడం లేదు. కాకపోతే ఫ్రాన్స్ పల్లెల్లో అలాంటి గది ఎన్నడూ లేదు. ఆ శైలిలో మనసుకు పట్టేదంతా వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన వస్తువులు ఒక బల్ల చుట్టూ సర్దుకోవడం వల్ల వచ్చింది. సెట్టుగా కొంటే ఆ గుణమే పోతుంది. వాటిలో అన్నిటికన్నా పేరున్న ప్రొవాన్స్ పూలగుడ్డకు మూలం మన కోరమండల్ తీరం. అందుచేత ఈ గదిని గురించి తెలుగువాళ్లు మాట్లాడుకోవడంలో పరాయి మోజు ఒక్కటే లేదు, కొంత ఇంటి లెక్క కూడా ఉంది.

రైతు ఇంట్లో భోజనాల గది అన్నదే లేదు. తినడానికి విడిగా ఒక గది కట్టుకోవడం ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దంలో కలిగినవారి ఇళ్లలో స్థిరపడ్డ అలవాటు. పల్లెలో వంట, తిండి, చలికాలపు కబుర్లు, చాలాచోట్ల పడక కూడా పొయ్యి ఉన్న ఆ ఒక్క గదిలోనే. అక్కడున్న ప్రతి సామానుకూ ఒక పని ఉండేది. ప్రొవాన్స్ ఇళ్లలో రొట్టెల పిండి కలపడానికి మూతతో చెక్క తొట్టి, దానికి పైన గోడకు పానెతియేర్ అనే రొట్టెల పంజరం ఉండేవి. తరిమెన పట్టిన సన్నని కడ్డీలతో ఆ పంజరం చేసేవారు. రొట్టెకు గాలి తగలాలి, ఎలుక దూరకూడదు. ఆ అందమైన కడ్డీల వరస వెనక ఉన్నది ఇంతే. బ్రిటనీ, లొరేన్ వంటి ప్రాంతాల్లో పళ్లాలు నిలబెట్టే అరల బీరువా ఉండేది. పళ్లాలు పెట్టుకోవడానికీ, ఎన్ని ఉన్నాయో నలుగురికీ తెలియడానికీ అది పనికొచ్చేది. కుర్చీల సీట్లు జమ్ముతో అల్లేవారు. చెక్క నార్మండీలో ఎక్కువగా ఓక్, ప్రొవాన్స్‌లో అక్రోటు. తేనెమైనం పట్టించి రుద్దీ రుద్దీ ఆ చెక్కకు ముదురు తేనెరంగు తెచ్చేవారు. ఉజెస్ వంటి ఊళ్లలో రంగులు వేసిన బీరువాలు ఉన్నమాట నిజమే. అయితే అవి చిత్రకారుడు తీరిగ్గా బొమ్మలు వేసిన బీరువాలు; వెలిసిపోయినట్టు నటించే తెల్లపూతకూ వాటికీ చుట్టరికం లేదు.

మరి ‘ఫ్రెంచి పల్లె’ అనగానే కళ్ల ముందు నిలిచే ఆ బొమ్మ ఎవరు గీశారు? మొదట కవులు, తర్వాత వ్యాపారులు. ప్రొవాన్సాల్ భాషాకవి ఫ్రెడెరిక్ మిస్త్రాల్ తన ప్రాంతపు పాత సామాను, దుస్తులు, పనిముట్లు కనుమరుగైపోతున్నాయని 1896లో ఆర్ల్ పట్టణంలో ఒక మ్యూజియానికి పునాది వేశాడు. 1904లో వచ్చిన నోబెల్ బహుమతి సొమ్మును దాని కొత్త భవనానికే వెచ్చించాడు. క్రిస్మస్ ముందు రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల దగ్గర చేరిన దృశ్యాన్ని అక్కడ నిలువెత్తు బొమ్మలతో అమర్చారు. తొట్టి, పంజరం, బీరువా, పూలగుడ్డ కట్టిన ఆడవాళ్లు అన్నీ ఒక్క చూపులో కనబడేలా ఉండే ఆ కూర్పు ఎంత శ్రద్ధగా చేసినా కూర్పే. ఆపై 1967లో న్యూయార్క్‌లో పియర్ అనే పేరున్న ఇద్దరు మిత్రులు ‘పియర్ దూ’ దుకాణం తెరిచి, తరాస్కోన్ ఊళ్లోని సులేయాదో సంస్థ పూలగుడ్డలను అమెరికన్లకు అమ్మారు. 1984లో ఆ దుకాణం పేరుతోనే ఫ్రెంచి పల్లె అలంకరణ మీద ఒక పెద్ద పుస్తకం వచ్చింది. 1989లో పీటర్ మేల్ రాసిన ప్రొవాన్స్ పుస్తకం మిగతా పని పూర్తి చేసింది. ఒక్కో ప్రాంతానికి ఒక్కోటిగా ఉన్న పల్లెవాడుక ఇలా దేశమంతటికీ ఒకే శైలిగా మారి, దుకాణంలో దొరికే సరుకైంది.

ఈ సరుకులో గుడ్డ కథ అన్నిటికంటే వింత. పూలు అద్దిన మన నూలుగుడ్డలు పడమటాసియా మీదుగా మార్సే రేవుకు 17వ శతాబ్దంలో వెల్లువలా చేరేవి. ఫ్రెంచివారు వాటిని ‘ఇండియెన్’ అన్నారు. 1648 నాటికే మార్సేలో పేకముక్కల అచ్చులు చెక్కే పనివాడొకడు గుడ్డల మీద అచ్చు వేయడం మొదలుపెట్టాడు. 1669లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. ఆ అనుమతి సంపాదించిన మర్కారా ఆర్మీనియా జాతివాడు. 1672లో మార్సేలో గుడ్డలకు రంగులు వేయడానికి కుదురుకున్న ఇద్దరు నిపుణులూ ఆర్మీనియన్లే. అచ్చు చెక్కడం ఎవరికైనా వస్తుంది. రంగు నిలపడమే యూరప్‌కు చేతకాలేదు, వాళ్ల పూలు ఉతికితే పోయేవి. మన అద్దకంవాళ్లు గుడ్డను కరక్కాయ రసంలో ముంచి, ఎర్రన రావాల్సిన చోట పటిక, నల్లన రావాల్సిన చోట ఇనుప కషాయం పెట్టి, చిరివేరుతో ఉడకబెట్టేవారు. రంగు దారంలోనే బిగుసుకునేది. ఈ రసాయనం గుట్టు ఫ్రాన్స్‌కు పూర్తిగా అందడానికి చాలాకాలం పట్టింది. కోరమండల్ తీరంలో ఉన్న జెస్యూట్ మతగురువు కేర్దూ 1742లో ఈ పనినంతా అంచెలంచెలుగా రాసి పంపిన లేఖ అందులో ముఖ్యమైనది. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతాలకు నిఘంటువు కూర్చినవాడూ ఈయనే. మన అద్దకం గురించి ఆ కాలంలో ఇంత ఓపిగ్గా రాసిపెట్టిన తెలుగువాడెవరో వెతికితే నిరాశే మిగులుతుంది.

ఈలోగా ఫ్రాన్స్ ప్రభుత్వం ఆ గుడ్డనే నిషేధించింది. పట్టు, ఉన్ని నేతవాళ్ల ఒత్తిడితో 1686లో 14వ లూయీ ప్రభుత్వం అద్దకపు నూలుగుడ్డల దిగుమతినీ, దేశంలో వాటి తయారీనీ ఆపేసింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. అవిన్యో చుట్టుపట్ల ప్రాంతం అప్పట్లో పోపు ఏలుబడిలో ఉండటంతో ఫ్రెంచి చట్టం అక్కడ చెల్లలేదు. 1734లో పోపు కూడా తలొగ్గేదాకా అక్కడ అచ్చులు పడుతూనే ఉన్నాయి. ఇండియెన్ ప్రొవాన్స్ సొత్తుగా నిలవడంలో ఈ సరిహద్దు తిరకాసుకు పెద్ద పాత్రే ఉంది. 18వ శతాబ్దం మధ్యలో ఆల్తెన్ అనే మరో ఆర్మీనియన్ అవిన్యో దగ్గర మంజిష్ఠ సాగును ప్రవేశపెట్టాడు. ప్రొవాన్స్ గుడ్డల ఎరుపు ఆ వేళ్లలోంచి వచ్చింది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపును కృత్రిమంగా తయారుచేయడంతో ఆ పొలాలు ఖాళీ అయ్యాయి. నిషేధం పోయిన మరుసటి ఏడాదే, 1760లో, జర్మనీ నుంచి వచ్చిన ఒబర్‌కాంఫ్ వెర్సాయ్ దగ్గరి జూయీలో కర్మాగారం పెట్టాడు. తెల్లగుడ్డ మీద ఒంటిరంగులో గొల్లపిల్లలూ గొర్రెలూ కనిపించే జూయీ గుడ్డ అక్కడిదే. పల్లెకు గుర్తుగా ఇవాళ కర్టెన్లకు వేలాడదీసే ఆ గుడ్డ పుట్టింది రాజమందిరం పక్కనున్న ఫ్యాక్టరీలో.

ఇదంతా విన్నాక, ‘అయితే ఇంకేం, బల్ల మీద కలంకారీ పరిస్తే సరిపోయె’ అంటారు కొందరు. మూలం మనదే కాబట్టి ఫ్రెంచివారి ముద్ర అక్కర్లేదన్నది వారి వాదం. అది తొందరపాటు. ప్రొవాన్స్ అద్దకంవాళ్లు మన గుడ్డను ఉన్నదున్నట్టు దించుకోలేదు. బందరు గుడ్డల్లోని పొడవాటి తీగలు, చెట్లు, నెమళ్ల స్థానంలో చిన్న చిన్న పూమొగ్గలను సమాన దూరాల్లో చల్లారు. నేలరంగుకు పసుపు, ఎరుపు, నీలం ముదురుగా తీసుకున్నారు. ఎందుకంటే అవి లంగాలకూ భుజాల మీది శాలువాలకూ ఉద్దేశించినవి. కుచ్చిళ్లలో ముడతపడ్డా పువ్వు చెదరకూడదు. ప్రొవాన్స్‌లో పండగపూట బల్ల మీద పరిచేది తెల్లగుడ్డే. క్రిస్మస్ ముందు రాత్రి మూడు తెల్లగుడ్డలు ఒకదాని మీద ఒకటి వేయడం ఆచారం. పూలగుడ్డ బల్ల ఎక్కి పేరు తెచ్చుకున్నది 20వ శతాబ్దంలోనే. అయినా అది అక్కడ అతికినట్టు కుదరడానికి కారణం ఆ చిన్న పువ్వే. పళ్లాలూ గిన్నెలూ పెట్టాక మిగిలే జానెడు సందులోనూ బొమ్మ నిండుగా కనిపిస్తుంది. పెద్ద తీగల కలంకారీని బల్ల మీద పరిస్తే సగం నెమలి పళ్లెం కిందికి పోతుంది. దాని చోటు కిటికీ తెర, లేదా గోడ. బల్లకైతే పెడన అచ్చుల్లో చిన్న బుటాలున్న గుడ్డను ఎంచుకోవాలి. ముదురు ఎరుపు, గోధుమ నేల ఉన్నది దొరికితే మరీ మంచిది, పప్పుచారు ఒలికినా కంగారుండదు.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైంది. పేదరైతు గదిని కలిగినవాళ్లు అలంకారంగా వాడుకోవడమే ఒక వేషం కదా అన్నది. వేషమే, అందులోనూ పాత వేషం. 1783లో మరీ ఆంత్వానెత్ రాణి కోసం వాస్తుశిల్పి రిచర్డ్ మీక్ వెర్సాయ్ తోటలో ఒక బొమ్మపల్లెను కట్టడం మొదలుపెట్టాడు. పైకి గడ్డికప్పు కుటీరాలు, లోపల రాణిగారి హోదాకు తగ్గ హంగులు. గోడలు పాతబడినట్టు కనిపించాలని కొత్త గచ్చు మీద బీటలను రంగుతో చిత్రించారు. ఇవాళ కొత్త బల్ల అంచుల్ని ఉప్పుకాగితంతో గీకే పనికి పెద్దలు వీళ్లే. అంతమాత్రాన ఆ శైలినంతా పారేయాల్సిన పనిలేదు. వేషంలో వదిలేయాల్సినది నకిలీ అరుగుదల. నిజంగా వాడిన బల్ల మోచేతులు ఆనే అంచున, పాదాలు తగిలే అడ్డచెక్క మీద అరుగుతుంది. గీకిన బల్ల నాలుగు మూలలా సమానంగా అరిగినట్టు ఉంటుంది. చూపుకు ఆ తేడా వెంటనే తెలియకపోవచ్చు గాని, ఏడాది తిరిగేసరికి ఆ గీతలు విసుగు పుట్టిస్తాయి. పాత టేకు తలుపులతో చేయించిన బల్ల మీద ఉన్న మేకుల గుంటలకైతే ఒక కారణం ఉంటుంది.

కలగలుపు వల్ల ఈ శైలి చెడదనడానికి నాకు తెలిసి అన్నిటికంటే గట్టి సాక్ష్యం నార్మండీలోని జివెర్నీ పల్లెలో ఉంది. చిత్రకారుడు క్లోద్ మోనే 1883 నుంచి 1926లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. తన ఇద్దరు పిల్లలు, తర్వాత తన భార్య అయిన ఆలీస్ ఒషెదే పిల్లలు ఆరుగురు, వచ్చేపోయే అతిథులతో ఆ బల్ల ఎప్పుడూ నిండుగా ఉండేది. అక్కడి భోజనాల గదిలో గోడలకూ సామానుకూ రెండు ఛాయల పసుపు రంగు వేయించాడు. గోడల నిండా హొకుసాయి, హిరొషిగె వంటివారి జపాన్ అచ్చుబొమ్మలు. పక్కనే వంటగదిలో నీలిరంగు రువాఁ పలకలు, రాగి గిన్నెలు. పసుపు అంచుకు నీలం గీత ఉన్న పింగాణీ పళ్లాలను లిమోజ్‌లో చేయించాడు. అది పల్లెటూరి ఇల్లు, పల్లెటూరి బీరువాలు. కానీ ముతక గోధుమరంగుకు, కోడిపుంజుకు, లావెండర్‌కు అక్కడ చోటు లేదు. అచ్చం జపాన్‌దీ కాదు, అచ్చం నార్మండీదీ కాదు. అయినా ఫ్రెంచి పల్లె భోజనాల గది చూపించమంటే ఎక్కువమంది చూపించేది దాన్నే.

ఇక మన ఇళ్లలో ఇది కుదురుతుందా అంటే, కొంత కుదురుతుంది, కొంత మార్చుకోవాలి. గోడకు సున్నం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా నిజం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గోడ మీద పలుచటి రాయిగా మారుతుంది. వెలుతురును మెరిపించకుండా మెత్తగా తిప్పికొడుతుంది. కాస్త పచ్చమట్టి రంగు కలిపితే ప్రొవాన్స్ ఓకర్ ఛాయ వస్తుంది. ఒక్కటే చిక్కు, ప్లాస్టిక్ ఎమల్షన్ మీద సున్నం పట్టదు, పాతపూత గీకించాల్సిందే. నేలకు ఎర్రమట్టి పలకలు చాలు. జమ్ము సీట్ల కుర్చీలు మన కోస్తా ఉక్కకు బూజు పడతాయి. పేము అల్లిక వాటికన్నా మేలు. అదేమీ రాజీ కాదు, 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పేము కుర్చీలు ఫ్యాషనే. ఆరు కుర్చీలూ ఒకే జోడు కానక్కర్లేదు, ఎత్తు మాత్రం కలవాలి. ఫ్లాట్లలో తొమ్మిదడుగుల పైకప్పుకు ఇనుప షాండ్లియర్ తలకు తగులుతుంది. బల్ల మీదికి దించిన ఒక్క దీపం చాలు.

పళ్లాల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. యుద్ధఖర్చుల కోసం 1689లోనూ 1709లోనూ 14వ లూయీ పెద్దింటివాళ్ల వెండిపళ్లాలను కరిగింపించాడు. వెండి పోయిన బల్లల మీదికి రువాఁ, ముస్తియే వంటి ఊళ్ల మట్టిపళ్లాలు తెల్లపూతతో, నీలి బొమ్మలతో వచ్చి కూర్చున్నాయి. వాటినే ఫయాన్స్ అంటారు. పాత ఫయాన్స్ పూతలో తగరంతో పాటు సీసం ఉంటుంది. పులుపు తగిలితే ఆ సీసం తిండిలోకి దిగుతుంది. చింతపండు పులుసు, పులిహోర, పచ్చళ్లు లేని తెలుగు భోజనం ఎక్కడుంది? కాబట్టి వేలంలోనో పాతసామాను కొట్లోనో పాత పళ్లెం దొరికితే దాన్ని గోడకు తగిలించుకోవాలి. వడ్డించుకోవడానికి సీసం లేదని రాసి ఉన్న కొత్త పింగాణీ తెచ్చుకోవాలి.