లోకాన్ని కాపాడే హీరోలు బోర్ కొట్టారా? ఈ నలుగుర్ని కలవండి!

ఫాంటసీ అంటే డ్రాగన్లు, కత్తులు, ‘లోకాన్ని నువ్వే కాపాడాలి’ అని చెప్పే గడ్డం తాత. సైన్స్ ఫిక్షన్ అంటే లేజర్ గన్లు, పేలిపోయే గ్రహాలు. ఇవే చదివి చదివి విసుగొచ్చి, పుస్తకం సగంలో పడేశారా? అయితే ఈ నాలుగు ఇంగ్లిష్ పుస్తకాలు మీ కోసమే. వీటిలో యుద్ధాలకంటే మనసులో జరిగే గొడవే ఎక్కువ.

సీరియల్ పిచ్చి రోబో

మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ (2017)లో కథ చెప్పేది ఓ సెక్యూరిటీ యూనిట్. సగం యంత్రం, సగం జీవి. తనను అదుపు చేసే ప్రోగ్రామ్‌ని తనే హ్యాక్ చేసేసుకుంది. ఇక అందర్నీ చంపేస్తుందేమో అనుకుంటాం. అదేమో ఖాళీ దొరికితే చాలు, సీరియళ్లు చూస్తుంది! ఎవరైనా కళ్లలోకి చూస్తే ఇబ్బంది పడిపోతుంది. పెళ్లిళ్లలో చుట్టాలు పలకరిస్తుంటే మూలకు జారుకునేవాళ్లకి ఇది సొంత మనిషే. హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ గెలిచింది. చిన్న పుస్తకం, ఒక్క ఆదివారం చాలు.

అనుకోకుండా చక్రవర్తి

కేథరిన్ అడిసన్ ‘ది గాబ్లిన్ ఎంపరర్’ (2014)లో మాయాకి 18 ఏళ్లు. తండ్రికి అక్కర్లేని కొడుకు, ఎక్కడో దూరంగా తిట్లూ దెబ్బలూ తింటూ పెరిగాడు. గాలి ఓడ ప్రమాదంలో తండ్రి, ముగ్గురు అన్నలు పోవడంతో సింహాసనం ఇతని మీద పడింది. సభలో మర్యాదలు తెలియవు, ఎవర్ని నమ్మాలో తెలియదు. ఇన్నాళ్లూ బాధపెట్టినవాళ్లు ఇప్పుడు చేతికి చిక్కారు. పగ తీర్చుకోవాలా, వద్దా? అసలు కథ అదే. పేర్లు మాత్రం నోరు తిరగవు. మొదటి 50 పేజీలు ఓపిక పట్టండి.

అంతులేని ఇంట్లో ఒక్కడే

సుసానా క్లార్క్ ‘పిరనేసి’ (2020) హీరో ఉండేది వందల హాళ్లు, విగ్రహాలు ఉన్న ఇంట్లో. కింద సముద్రం పోటెత్తుతుంటుంది. చేపలు పట్టుకుంటాడు, డైరీ రాసుకుంటాడు, హాయిగా ఉంటాడు. వారానికి రెండుసార్లు కలిసే ఒకే ఒక్క మనిషి నిజమే చెబుతున్నాడా? ఆ అనుమానం మొదలయ్యాక పుస్తకం కింద పెట్టలేరు. 2021లో విమెన్స్ ప్రైజ్ అందుకుంది. దీని గురించి గూగుల్ చేయకండి, గుట్టు రట్టవుతుంది!

టీ కాచి, కష్టాలు వినే సన్యాసి

బెకీ ఛాంబర్స్ ‘ఎ సామ్ ఫర్ ది వైల్డ్-బిల్ట్’ (2021)లో డెక్స్ పని ఊరూరా తిరిగి జనం బాధలు విని, టీ ఇవ్వడం. మంచి పేరుంది, లోటు లేదు. అయినా లోపల ఏదో వెలితి. అడవిలోకి వెళ్తే ఓ రోబో ఎదురై, ‘మనుషులకు ఏం కావాలి?’ అని అడుగుతుంది. డెక్స్ దగ్గర జవాబు లేదు. ఉద్యోగం వచ్చాక కూడా ‘ఇంతేనా?’ అనిపించినవాళ్లకి ఆ ప్రశ్న గట్టిగానే తగులుతుంది.

ముందు ఏది? నవ్వుకోవాలంటే రోబో. మనసు అలిసిపోయి ఉంటే టీ సన్యాసి. రాత్రంతా మేలుకునే ఓపికుంటే పిరనేసి. సెలవులు దొరికితే చక్రవర్తి. చదివాక మీ దోస్తుకి ఇవ్వండి, కథ మాత్రం చెప్పేయకండి!