బావిలో దిగే ముందు

వేసవి సెలవులు వచ్చాయంటే మన పిల్లలు సదుం, పుంగనూరు పక్క పల్లెల్లోని అమ్మమ్మల ఇళ్లకు చేరతారు. అక్కడ వాళ్ల కళ్లన్నీ బావి మీదే. వద్దని కేకలేస్తే దొంగచాటుగా దూకుతారు. అంతకంటే దగ్గరుండి నేర్పించడం మేలు కదా!

బయట ఎండ మండుతున్నా బావినీళ్లు చల్లగానే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఒళ్లు జిల్లుమని, మనకు తెలియకుండానే ఊపిరి గట్టిగా పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ప్రమాదమే. అందుకని మెట్ల మీద కూర్చుని కాళ్లు, చేతులు, మొహం తడుపుకుని మెల్లగా దిగాలి. మెట్లు లేని బావి తొలిపాఠానికి పనికిరాదు. నడుముకు సొరబుర్ర కట్టినా సరే, తాడు కొస పెద్దవాళ్ల చేతిలో ఉండాలి.

లోతుకు మునిగితే చెవులు నొప్పిపెడతాయి. నీటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నొక్కుతుందన్నమాట. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే సర్దుకుంటుంది. తగ్గకపోతే పైకి వచ్చేయాలి. ఎవరు ఎక్కువసేపు మునుగుతారోనని పందేలు వద్దు. గబగబా ఊపిరి పీల్చి మునిగితే నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు.

విశాఖ రుషికొండ దగ్గర గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగేవారికీ చెవుల పాఠం ఇదే. వారు పైకి వచ్చేటప్పుడు ఊపిరి అసలు బిగబట్టకూడదు. ఒత్తిడి తగ్గేకొద్దీ లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకకండి. తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో, ఆరేసిన చీరో విసరండి.

ఈత మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ నేర్పించండి. వీలైతే మీరూ నేర్చుకోండి!