కణాల ఎదుగుదలకు దారి చూపే నానో ఉపరితలాలు

అరిగిపోయిన తుంటికీలు స్థానంలో లోహపు కీలును, ఊడిన పంటి స్థానంలో టైటానియం మరను అమర్చడం నేడు వైద్యరంగంలో సర్వసాధారణమైంది. అయితే శస్త్రచికిత్స ముగిసినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. సిమెంటు వాడకుండా అమర్చిన కీలు పదికాలాలపాటు నిలవాలంటే రోగి ఎముక కణాలు ఆ లోహాన్ని అంటిపెట్టుకుని, దానిపై కొత్త ఎముకను నిర్మించవలసి ఉంటుంది. కణాలు అంటుకోని పక్షంలో కీలు వదులై, వృద్ధాప్యంలో మరోమారు శస్త్రచికిత్స తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. అందుచేతనే కణానికి ఎటువంటి పీఠం పరచాలన్న ప్రశ్న శాస్త్రజ్ఞులకే కాక సామాన్య రోగికి సైతం ముఖ్యమైనది.

సాలీడు దారంతో ఆరంభం

ఈ అన్వేషణకు శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1907లో కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని శరీరం వెలుపల పెంచి చూపిన అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ హారిసన్, ఆ తరువాతి ప్రయోగాలలో కణాలకు సాలీడు దారాలను ఆధారంగా ఇచ్చారు. కణాలు ఆ దారాల వెంబడే సాగిపోవడాన్ని గమనించి, 1914లో ఆ వివరాలను ప్రకటించారు. ద్రవంలోని పోషక పదార్థాలతో పాటు, కణం ఆనుకున్న ఆధారం కూడా దాని నడకను నిర్ణయిస్తుందన్న భావనకు ఇది పునాది అయింది.

1997లో అమెరికాలో క్రిస్టఫర్ చెన్, డొనాల్డ్ ఇంగ్‌బర్ ప్రభృతులు మరొక అడుగు ముందుకు వేశారు. రక్తనాళాల లోపలి పొరకు చెందిన కణాలను వేర్వేరు పరిమాణాలు గల సూక్ష్మ ద్వీపాల వంటి మచ్చలపై పెంచారు. విశాలంగా పరచుకునేందుకు చోటు దొరికిన కణాలు వృద్ధి చెందగా, ఇరుకు మచ్చలపై ముడుచుకున్న కణాలు తమంతట తాము నశించాయి. అందించిన పోషణ ఒక్కటే అయినా, దొరికిన చోటును బట్టి వాటి బ్రతుకు మారిపోవడం విశేషం.

చుక్కల మధ్య ఎడమే కీలకం

కణం తన ఆధారాన్ని ఎలా గుర్తిస్తుంది? కణపు పైపొరలో ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి చేతివేళ్ల వలె బయటి పదార్థాన్ని తడిమి పట్టుకుంటాయి. పక్కపక్కనే ఉన్న పలు ఇంటిగ్రిన్లు గుంపుగా చేరినప్పుడే పట్టు బిగుస్తుంది. ఆ బిగువు కణం లోపలి సన్నని పోగుల ద్వారా కేంద్రకం వరకు చేరి, ఏ జన్యువులు పనిచేయాలన్న దానిపై ప్రభావం చూపుతుంది.

ఈ గుంపు ఏర్పడడానికి ఎంత ఎడం ఉండవచ్చునన్న విషయాన్ని జర్మనీకి చెందిన యోఆకిం స్పాట్జ్ బృందం 2004లో వెల్లడించింది. నానోమీటరు అనగా మీటరులో వంద కోట్లవ వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. ఈ బృందం గాజుపలకపై 8 నానోమీటర్ల లోపు బంగారు చుక్కలను క్రమపద్ధతిలో అమర్చింది. ఒక్కో చుక్కకు ఒక్క ఇంటిగ్రిన్ మాత్రమే అతుక్కునే వీలుంది. చుక్కల నడుమ ఖాళీ ప్రదేశాన్ని కణాలు అంటని పదార్థంతో కప్పారు. ఎడం 58 నానోమీటర్లు, అంతకు తక్కువ ఉన్నప్పుడు కణాలు చక్కగా అతుక్కుని పరచుకున్నాయి. 73 నానోమీటర్లు, ఆపైన ఉన్నప్పుడు పట్టు కుదరలేదు. ముంగిట చుక్కలు మరీ ఎడమైతే ముగ్గు కలవనట్లే ఇక్కడ కూడా కేవలం 15 నానోమీటర్ల తేడా ఫలితాన్ని తారుమారు చేసింది.

స్వల్ప క్రమభంగంతో ఎముక

2007లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ డాల్బీ తదితరులు ప్రకటించిన ఫలితాలు మరింత ఆశ్చర్యకరమైనవి. ప్లాస్టిక్ పలకపై 120 నానోమీటర్ల వ్యాసం, 100 నానోమీటర్ల లోతు గల గుంటలను చెక్కి, వాటిపై మానవ మూలకణాలను పెంచారు. గుంటలు ఖచ్చితమైన చదరపు వరుసలలో ఉన్నచోట ఎముక తయారీ అంతగా కానరాలేదు. అదే గుంటలను తమ స్థానం నుంచి 50 నానోమీటర్ల వరకు అటూ ఇటూ జరిపినప్పుడు, ప్రత్యేక రసాయనాలేవీ కలపకుండానే మూలకణాలు ఎముక ఖనిజాన్ని ఉత్పత్తి చేశాయి. క్రమమైన చదరపు అమరిక మూలకణాలను వారాల తరబడి మూలకణాలుగానే నిలిపి ఉంచగలదని ఇదే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో తెలియజేశారు. అనగా ఔషధం చేయవలసిన పనిలో కొంత భాగాన్ని ఉపరితలపు ఆకృతియే నిర్వహించగలదు.

హైదరాబాదు అనుభవం

కణానికి తగిన పీఠం ఎంత అవసరమో తెలుగువారికి సన్నిహితమైన ఉదాహరణ హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో లభిస్తుంది. రసాయనాలు పడి కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్న వారికోసం, నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను ప్రయోగశాలలో పెంచి అమర్చే చికిత్సను ఈ సంస్థ 2001 నుంచి చేపట్టింది. ఆ కణాలకు పరుపుగా వినియోగించినది మానవ ఉమ్మనీటి సంచి పొర. ఇది ప్రకృతి సిద్ధమైన పీఠం; ఇటువంటి పీఠాలలోని సూక్ష్మ నిర్మాణాన్ని కృత్రిమంగా తయారుచేయడమే నానో ఉపరితల పరిశోధనల ఆశయాలలో ఒకటి.

అధిగమించవలసిన అవరోధాలు

ప్రయోగశాల పలకకు, రోగి శరీరానికి మధ్య దూరం తక్కువేమీ కాదు. టైటానియంపై నిలిపే నానో గొట్టాల సంగతే ఇందుకు నిదర్శనం. 15 నానోమీటర్ల వ్యాసం గల గొట్టాలపై కణాలు వృద్ధి చెందుతాయని, 100 నానోమీటర్ల గొట్టాలపై నశిస్తాయని 2007లో ఒక బృందం పేర్కొనగా, 70 నుంచి 100 నానోమీటర్ల గొట్టాలే మూలకణాలను ఎముక కణాల దిశగా నడిపించాయని 2009లో మరొక బృందం తెలిపింది. పైగా శరీరంలో అమర్చిన మరుక్షణమే రక్తంలోని ప్రోటీన్లు ఉపరితలాన్ని కప్పివేస్తాయి. సూక్ష్మజీవులు సైతం ఆ స్థలం కోసం పోటీపడతాయి. కణాలకు, బాక్టీరియాకు నడుమ జరిగే ఈ పోటీని 1987లో ఆంథొనీ గ్రిస్టినా 'ఉపరితలం కోసం పరుగుపందెం'గా అభివర్ణించారు. కణాలకు అనువైన పీఠం సూక్ష్మజీవులకు ఆశ్రయం కాకుండా చూడడం పరిశోధకుల ముందున్న కఠిన పరీక్ష.

మనదేశంలో శరీరంలో అమర్చే పరికరాలు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల పరిధిలోకి వస్తాయి. కావున 'నానో' అన్న పేరు చూసినంతనే అధిక ధర చెల్లించేందుకు సిద్ధపడనవసరం లేదు. అమర్చబోయే పరికరానికి అనుమతి ఉన్నదీ లేనిదీ, అది రోగులలో ఎంతకాలం నిలిచినట్లు రుజువైనదీ వైద్యుని అడిగి తెలుసుకోవడం, పరికరం వివరాలు గల పత్రాన్ని భద్రపరచుకోవడం శ్రేయస్కరం. పీఠం పదిలమైతేనే కణం నిలుస్తుంది. కణం నిలిచిననాడే కీలు నిలుస్తుంది, మనిషి తన కాళ్లపై తాను నడవగలుగుతాడు.