నిమ్మ కొమ్మ ఎండుతోందా? మొదలు చూడండి

గూడూరు, పొదలకూరు ప్రాంతాల నిమ్మ తోటల్లో లేత చెట్ల కొమ్మలు చివర్ల నుంచి కిందికి ఎండుకొస్తుంటాయి. చాలామంది రైతులు వెంటనే పైన మందు కొట్టేస్తారు. కారణం తెలియకుండా కొడితే డబ్బు దండగే. ముందు చెట్టును పరీక్షించండి.

ఎండిన కొమ్మ బెరడును చివర నుంచి గోటితో గీకుతూ రండి. లోపల పచ్చగా కనిపించిన చోటి నుంచి ప్రాణం ఉన్నట్టే. తర్వాత మొదలు చూడండి. బెరడు పగిలి బంక కారుతుంటే అది బంక తెగులు. బెరడు మీద పొట్టు, గూడు ఉంటే బెరడు తినే పురుగు. ఇవేవీ లేకపోతే పాదు అంచున కాస్త తవ్వి పీచు వేళ్లు పట్టి లాగండి. నల్లబడి, పైతోలు ఊడొస్తే వేరు కుళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు నీరు నిలిచే చేలలో ఇది ఎక్కువ. తీరం దగ్గర ఆకుల అంచులు మాడుతుంటే బోరు నీటిలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించండి.

ఎండిన కొమ్మను రెండంగుళాల పచ్చి భాగంతో సహా కత్తిరించి కాల్చేయండి. బంక కారేచోట చెడిన బెరడు గీకేయండి. కోతలకు, గీకిన చోట బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో అయిదేసి లీటర్ల నీళ్లలో కలిపి, తర్వాత ఒకటిగా చేస్తే పేస్టు తయారు. పురుగుంటే గూడు తుడిచి, రంధ్రంలో ఇనుప తీగ దూర్చి చంపండి.

నిలిచిన నీటికి కాలువ తీయండి. మొదలుకు నీరు తగలకుండా జంట పాదులు కట్టండి. వేరు కుళ్లుతుంటే పైన ఎంత మందు కొట్టినా చెట్టు నిలవదు.