ఇల్లొక దేశము, కొలువొక దేశము

జర్మనీలో కుటుంబముతో కాపురముండి ఉద్యోగము చేయుచున్న మన పూర్వ విద్యార్థి ఒకరు సెలవులకు వచ్చి మాతో ఇట్లనిరి: "ఈ సంవత్సరము నాలుగు నెలలు నెదర్లాండ్సులో, నాలుగు నెలలు బెల్జియములో, మిగిలినవి జర్మనీలో పని. ఎక్కడా 183 దినములు నిండవు. కనుక ఎక్కడా పన్ను లేదు గదా!"

ఇది పలువురు పడు పొరపాటు. ఐరోపా సమాఖ్య పౌరులకు అందులో ఎక్కడికైనను పోయి పనిచేయు స్వేచ్ఛ కలదు గాని, ఆదాయపు పన్ను ఏ దేశపు చట్టము ఆ దేశమునదే. జర్మనీలో ఇల్లు తన వాడుకలో నిలుపుకొన్నవాడు, అద్దె ఇల్లైనను, అక్కడి చట్టమునకు నివాసియే.

రెండు దేశములు ఒకనిని తమ నివాసి యన్నచో, ద్విపన్ను నివారణ ఒప్పందములు వరుసగా విచారించునవి ఇవి: శాశ్వత గృహమెక్కడ? కుటుంబ, ఆర్థిక బంధములెక్కడ గాఢము? సాధారణముగా ఉండునదెక్కడ? పౌరసత్వమేది? అప్పటికిని తేలనిచో ప్రభుత్వములే సంప్రదించుకొనవలెను.

మరి 183 దినముల లెక్క దేనికి? పనిచేసిన దేశము జీతముపై పన్ను వేయవచ్చునా యని తేల్చుటకు. అచ్చట అంతకు మించి ఉండకుండుటయే చాలదు. యజమాని ఆ దేశపువాడు కారాదు, జీతభారము అక్కడి శాఖపై పడరాదు. నెదర్లాండ్సు సంస్థయే జీతమిచ్చినచో అక్కడ చేసిన పనికి తొలినాటి నుండియే అక్కడ పన్ను పడవచ్చును. మూడు షరతులు కుదిరినను నివాస దేశపు పన్ను తప్పదు.

కావున ప్రయాణపు దినముల లెక్క, అద్దె పత్రము, జీతపు చీటీలు భద్రపరచుకొనుడని మనవి. పిదప వడ్డీతో కట్టవలసిన పన్ను, ఇంటికి పంపదలచిన పైకమునుండియే పోవును.